ఎడమకి కొంచెం, కుడికి కొంచెం

వాన మొదలవుతుండగా తాతల కాలం నాటి కారొకటి నా షెడ్డులోకి వచ్చి ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగడం మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అని ఎందుకంటున్నానంటే, అది ఒక్కసారిగా అయ్యే పనిలా కనబడలేదు. ముందు ఒక మోకాలు స్టీరింగ్ కిందనుంచి బయటపడింది, తర్వాత రెండోది, ఆఖరికి మనిషి. నిటారుగా నిలబడితే నాకంటే కాస్త పొడుగే. ఒప్పుకోవడం నాకిష్టం లేదనుకోండి.

"సీటు వెనక్కి జరుపుకోవచ్చు కదండీ" అన్నాను.

"తుప్పు పట్టింది, జరగదు. నేనొచ్చింది సీటు కోసం కాదు. ఆయిల్ ఫిల్టర్ మార్చాలి."

"ఎంతసేపు! కూర్చోండి, అయిపోతుంది."

"స్టీరింగ్ రాడ్డు విప్పకూడదు. ఇంజను జరపకూడదు. ఏదీ కొయ్యకూడదు."

బానెట్ ఎత్తి చూశాను. ఇంజనుకీ రాడ్డుకీ మధ్య ఫిల్టరు డబ్బా అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. చెయ్యి పెట్టబోతే మణికట్టు దగ్గరే ఇరుక్కుంది.

"అయితే మంత్రం వెయ్యాలా?"

"మంత్రాలు వేసేవాళ్ళయితే బోర్డు మీద రాసుకునేవారుగా!"

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మామూలుగా అయితే దారి చూపించేవాణ్ణే. కానీ నాకు కోపం కంటే పెద్ద జబ్బు ఇంకోటుంది. ఎందుకు అన్నది తెలియకపోతే నిద్ర పట్టదు.

"ఎందుకండీ ఇన్ని షరతులు?"

"షరతులు నావి కావు, తాతయ్యవి. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కరే, ఏదీ విప్పకుండా మార్చేవారు. నేనూ అలా మార్పించగలిగితే కారు నాకిస్తారట. లేకపోతే రేపు కొనేవాళ్ళొచ్చి తీసుకుపోతారు." ఆమె గొంతు తగ్గింది. "చిన్నప్పుడు దీని వెనక సీట్లోనే నిద్రపోయేదాన్ని. ఎవరో తోలుకుపోతుంటే చూడలేను."

"ఎలా మార్చేవారో చెప్పలేదా?"

"అడిగితే గోడవైపు తిరుగుతారు."

కారు ముందు భాగాన్ని స్టాండ్ల మీదికెత్తి, పాత ఆయిల్ దించి, కిందికి దూరాను. పొడుగు రెంచి పట్టలేదు. పొట్టి రెంచి తిరగలేదు. ఆమె ఊరికే ఉండకుండా నా పక్కన బోర్లా పడుకుని, బ్యాగులోంచి పుల్లలాంటి పిడి ఉన్న చిన్న అద్దం తీసి లోపల పెట్టింది.

"ఇదేంటి?"

"నేను పళ్ళ డాక్టర్ని. వెనక దవడ చూసే అద్దం. కడిగిందేలెండి."

"ఇంజనుని 'ఆ' అనమంటారా ఏంటి?"

"అది మీకంటే బుద్ధిగానే ఉంది. ఎప్పట్నించో నోరు తెరుచుకునే ఉంది."

నాకు నవ్వొచ్చింది. కోపం వచ్చినట్టు ముఖం పెట్టాలని చూశాను గానీ అంత దగ్గరలో ఆమె కళ్ళుండగా కుదరలేదు.

ఎంత చూసినా దారి కనబడలేదు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ కారు చుట్టూ తిరిగాను. రేకుల మీద వాన దరువేస్తోంది. డ్రైవర్ సీటు మీద ఒక దిండు కనబడింది. పాతది, నడుమ బాగా నలిగిపోయింది.

"మీ తాతయ్యగారు పొట్టిగా ఉంటారా?"

"ఆయనా? గుమ్మం దాటాలంటే తల వంచాలి."

"మరి ఈ దిండెవరిది?"

"అమ్మమ్మది. ఆవిడ పొట్టి. ఆవిడ పోయాక తాతయ్య ఈ కారు ముట్టుకోలేదు."

"ఆవిడ కారు నడిపేవారా?"

"సైకిలు కూడా రాదు!"

అన్నాక ఆమె ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. కారు నడపడం రాని మనిషి, స్టీరింగ్ ముందు, సీటు పూర్తిగా ముందుకి జరుపుకుని, దిండేసుకుని కూర్చుని ఏం చేసేది?

ఇద్దరం ఒకేసారి స్టీరింగ్ వైపు చూశాం.

"ఎక్కండి" అంటూనే కారు కిందికి దూరాను. "ఎడమకి తిప్పండి. కొంచెం."

రాడ్డు పక్కకి జరిగింది. నా చెయ్యి లోపలికి దూరి డబ్బాని పట్టుకుంది. మరలు వదిలాయి. కానీ డబ్బా బయటికి రావాలంటే రాడ్డు అటువైపు పోవాలి, నా చెయ్యేమో లోపలే ఉండాలి.

"ఇప్పుడు కుడికి, మెల్లగా. నేను ఆపమనగానే ఆపాలి. లేదంటే నా వేళ్ళు పచ్చడే."

"భయంగా ఉందండీ" అంది.

"నాకూ ఉంది. తిప్పండి."

"నొప్పనిపిస్తే చెయ్యెత్తండి."

"ఆ చెయ్యి మీ కారులోనే ఉందండీ బాబూ!"

ఆమె నవ్వింది. స్టీరింగ్ ఊగింది. "నవ్వకండి తల్లీ!" అని అరిచాను. రాడ్డు వెంట్రుకవాసి చొప్పున కదులుతూ నా వేళ్ళని ఒరుసుకుంటూ పోయింది. "ఆపండి!" అనగానే ఠక్కున ఆగింది. డబ్బా నా చేతిలోకి, అందులోని ఆయిలంతా నా ముఖం మీదికి వచ్చాయి.

కొత్తది బిగించబోతుంటే, "ఆగండి" అని కారు దిగొచ్చి మళ్ళీ అద్దం పెట్టింది. "పాత రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉంది."

చూసుకోకుండా రింగు మీద రింగు పెట్టేసుంటే ఆయిలంతా రోడ్డు పాలయ్యేది. ఆ రింగు తీసేసి, కొత్త డబ్బాని ఎడమకి కొంచెం, కుడికి కొంచెం అంటూ వచ్చిన దారినే లోపలికి పంపాం.

మర్నాడు ఆమెతోపాటు తాతయ్యగారు గొడుగేసుకుని షెడ్డుకొచ్చారు. వంగి రాడ్డు నట్లు తడిమారు. పాత మట్టి అలాగే ఉంది.

"ఎలా తీశావయ్యా?" నన్నడిగారు.

"నేను అమ్మమ్మ సీట్లో కూర్చున్నా తాతయ్యా" అంది ఆమె.

పెద్దాయన చాలాసేపు ఆ దిండుమీద చెయ్యేసి నిలబడ్డారు. "ఒక్కణ్ణే చేస్తానని అందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. ఒక్కనాడూ కాదనలేదమ్మా ఆవిడ. పక్కనుంచి ముసిముసిగా నవ్వేది, అంతే."

"మరి నన్ను పిలవచ్చుగా, తిప్పేదాన్నిగా?"

"ఆ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. అందుకే అమ్మేద్దామనుకున్నా." కళ్ళు తుడుచుకుని తాళం ఆమె చేతిలో పెట్టారు. "కొనేవాళ్ళని రావద్దన్నానులే. కారు నీదే. కానీ అమ్మడూ, ఆయిల్ మార్చాల్సినప్పుడల్లా రెండో మనిషి కావాలి. చేతులు నీ చేతిలో పెట్టి కారు కింద పడుకునే మనిషి. తొందరపడకు, నెమ్మదిగా చూసుకో."

ఆమె నావైపు తిరిగింది. నా చెవి వెనక ఇంకా ఆయిల్ మరకుంది.

"చూసుకున్నా తాతయ్యా" అంది.

నేను చెయ్యెత్తాను.

"నొప్పా?" అంది కంగారుగా.

"కాదు," అన్నాను, "ఒప్పుకుంటున్నా."