అయిదో అంతస్తు బుట్టలో సబ్బులు

"అభినందనలు. మీ ట్యాబ్ ఈ ఉదయమే మీ ఇంటికి వస్తోంది."

ఈ కబురు ఫోన్‌లోకి వచ్చేసరికి ఇబ్తిసామ్ వంకాయ ముక్కలు వేయిస్తోంది. నూనె చేతులతోనే ఫోన్ అందుకుని రెండుసార్లు చదువుకుంది. నమ్మకం కుదరక కూతురు మరామ్ చేత పైకి చదివించుకుంది. ఆ తర్వాత పొయ్యి కట్టేసి, వంటింటి కిటికీలోంచి తల బయట పెట్టి, భవనం మొత్తానికీ ఆ సంగతి చెప్పేసింది.

ఆ ట్యాబ్ కోసం ఆమె పడని పాటు లేదు. "మీరు చేరండి, మీ పేరు మీద పదిమందిని చేర్చండి, ట్యాబ్ ఉచితంగా పొందండి" అన్నది ఆఫర్. మోకాళ్ళ నొప్పులు మరిచి ప్రతి గుమ్మమూ ఎక్కి దిగి, పదిమందినీ చేర్చింది. మరామ్ పెళ్ళి సామాను బండెక్కి కొత్త ఇంటికి వెళ్ళేటప్పుడు వీధి వీధంతా బాల్కనీల్లోంచి చూస్తుంది కదా. పరుపుల మీద, రాగి గిన్నెల పక్కన, ఆ మెరిసే పెట్టె కూడా కనబడాలన్నది ఆమె ముచ్చట. పెళ్ళికొడుకు షాదీ పరాయివాడేమీ కాదు, అదే భవనంలో మూడో అంతస్తు నేమత్ కొడుకు. గురువారం ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకోవాలి.

కింద మోటారు సైకిల్ ఆగింది. "పార్సిల్" అని కేక వినబడింది. లిఫ్టు పాడై ఏళ్ళు గడిచిన ఆ భవనంలో కూరలైనా, రొట్టెలైనా, మందులైనా బాల్కనీ బుట్టలోనే పైకి వస్తాయి. ఇబ్తిసామ్ పంపిణీ ఖర్చు బుట్టలో వేసి తాడు వదిలింది. ఆ మనిషి డబ్బు తీసుకుని, పెట్టె అందులో ఉంచి వెళ్ళిపోయాడు. బుట్ట పైకి వస్తూ మూడో అంతస్తు దగ్గర ఆగింది. నేమత్ ఆరేసిన దుప్పటికి చిక్కుకుంది. దుప్పటి వెనక నేమత్ చేతులు కాసేపు ఏదో సర్దాయి. బుట్ట కదిలింది.

పెట్టె విప్పితే ట్యాబ్ లేదు. దూదిలో చుట్టిన ఆకుపచ్చ సబ్బు బిళ్ళలున్నాయి.

*

డిటెక్టివ్ షాహినాజ్ ఆఫీసంటే ట్రామ్ లైను పక్కన వాళ్ళ ఇంటి ముందుగదే. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకోవడంలో పేరు తెచ్చుకుని, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా బల్ల వేసుకుంది. సహాయకుడు వగ్దీ ఆమె భర్త. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. కొత్త టీ గ్లాసులంటే ఇద్దరికీ ఎంత మురిపెమో, ఒక్కొక్కరు రెండేసి సార్లు టీ తాగి మరీ వాటిని కడుగుతున్నారు. బుధవారం ఉదయం వగ్దీ ఆ గ్లాసులు తుడుస్తూ ఉండగా, ఒళ్ళో అట్టపెట్టెతో మరామ్ వచ్చింది.

"రామ్మా, కూర్చో. మా ఆవిడ ఇప్పుడే వస్తుంది," అన్నాడు వగ్దీ. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అంటే, డిటెక్టివ్ షాహినాజ్ గారు."

షాహినాజ్ నవ్వు ఆపుకుంటూ వచ్చి కూర్చుంది. మరామ్ ఆమెను మర్యాదగా 'ఉస్తాజా' అని పిలుస్తూ కథంతా చెప్పింది.

"అమ్మ బాల్కనీలోకి వెళ్ళి, దొంగ చేత్తోనే నా కూతురికి ఫాతిహా చదువుతావా అని నేమత్ అత్తని అడిగేసింది, ఉస్తాజా. వీధంతా వింది. అత్తయ్య మెట్ల మీద కట్టిన రంగు దీపాలన్నీ పీకేసింది. రేపు రారట. షాదీ ఏమో వాళ్ళమ్మ అలాంటిది కాదంటాడు. మా అమ్మ కళ్ళారా చూశానంటుంది. ఎవరిని నమ్మాలో నాకు తెలియడం లేదు. నేనిక్కడికి వచ్చినట్టు అమ్మకి చెప్పలేదు."

"పెట్టె ఎవరు విప్పారు?"

"నేనే. వంటింటి చాకుతో."

షాహినాజ్ పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసింది. వెడల్పాటి టేపు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది. దాని మీద చాకు గాటు ఒక్కటే. వగ్దీ సబ్బు తీసి వాసన చూసి ముఖం ముడిచాడు. పాత ఆలివ్ నూనెలో ఫినాయిలు కలిపినట్టుంది. బిళ్ళ మీద ఖర్జూరపు చెట్టు ముద్ర ఉంది.

"మీ అమ్మ పదిమందిని చేర్చింది, సరే," అంది షాహినాజ్. "మరి మీ అమ్మని ఎవరు చేర్చారు?"

ఆ ప్రశ్నకు మరామ్ తెల్లబోయింది. "రాఫత్ మామ. కింద ఫోన్ల దుకాణం ఆయనదే. నేమత్ అత్తకి తమ్ముడు. ఆయనకి ట్యాబ్ వచ్చింది కూడా, దుకాణం అద్దంలో పెట్టాడు. అది చూసే కదా అమ్మ చేరింది."

"అయితే ఆఫర్ నిజమే, దొంగతనం బుట్టలోనే జరిగింది," అన్నాడు వగ్దీ గంభీరంగా. కాస్త ఆగి, "కాదంటావా?" అన్నాడు.

"పద, చూద్దాం," అంది షాహినాజ్.

*

రాఫత్ దుకాణం గూడంత ఉన్నా, అతిథి మర్యాదకు లోటు లేదు. వద్దన్నా వినకుండా కాలేయం వేపుడు కూరిన రొట్టెలు తెప్పించి ఇద్దరి చేతుల్లోనూ పెట్టాడు. వగ్దీ తన రొట్టెలోంచి పచ్చిమిరపకాయ ఏరి షాహినాజ్‌కి ఇచ్చాడు. ఆమె నిమ్మ బద్ద అతనికి ఇచ్చింది. పెళ్ళికి ముందు ఎవరి రొట్టె వాళ్ళు ఎలా తినగలిగారో ఇద్దరికీ ఇప్పుడు అర్థం కావడం లేదు.

"ఇదేనా మీరు గెలిచింది?" అంది షాహినాజ్, అద్దం వెనక నిలబెట్టిన ట్యాబ్‌ను చూస్తూ.

"అదే. పదిమందిని చేర్చాను, వచ్చేసింది. నా అదృష్టం."

"ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చా?"

"అయ్యో, అద్దం తాళం ఇంట్లో ఉండిపోయిందండీ."

వగ్దీ తెర మీది గడియారం చూసి, "ఇంకా పది దాటిందంతే. బోలెడు సమయం ఉంది," అన్నాడు. మాట పూర్తయిందో లేదో, వీధి చివరి మసీదులోంచి మధ్యాహ్నపు అజాన్ మొదలైంది. అతను తన చేతి గడియారం చూసుకున్నాడు, మళ్ళీ ట్యాబ్ చూశాడు, ఏమీ తోచక వెనక గదిలోకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

తిరిగి వస్తూ, "ఎంత రుద్దినా నురగ రావడం లేదు, మొండి సబ్బు," అని గొణిగాడు.

మెట్లెక్కుతూ షాహినాజ్ అతని చేయి అందుకుంది. మొదటి మలుపులో ఆ చేతిని ముఖం దగ్గరికి తీసుకుని కళ్ళు మూసుకుంది. వగ్దీకి చెవులు ఎర్రబడ్డాయి. పైనుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. కేసు ఎటు పోతోందో అతనికి తెలియలేదు గానీ, ఇలాగే పోతే బాగుండుననిపించింది.

మూడో అంతస్తులో నేమత్ వాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టింది.

"వెతుక్కోండి. పరుపులు కూడా కోసి చూడండి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి రొట్టే ఉప్పూ తిన్నాను, అదే సాక్షి. ఆ ముసలి నోరు నన్ను దొంగంటే ఈ వీధిలో తలెత్తుకు తిరగాలా?"

"పెట్టెను మీరు తాకారా?" అడిగింది షాహినాజ్.

"తాకకపోతే దుప్పటి ఎలా విడిపిస్తానమ్మా? పైనుంచి ఆవిడ లాగుతోంది, కింద నుంచి నేను ఎత్తుతున్నాను. రాయిలా ఉంది. నీ కూతురికి ఇస్త్రీపెట్టె పంపారేంటే అని పైకి అరిచాను కూడా. అడగండి, విననట్టు నటిస్తుందేమో."

"మీరూ ఆ ఆఫర్‌లో చేరారా?"

"చేర్చిందిగా మహాతల్లి. అప్పట్నుంచీ నా ఫోన్లో వేసిన డబ్బు వేసినట్టే కరిగిపోతోంది. రోజూ ఏవో జాతకాలు పంపుతున్నారు. ఇవాళ నాకు శుభదినమట."

అయిదో అంతస్తులో ఇబ్తిసామ్ తడబడకుండా ఒప్పుకుంది. "ఇస్త్రీపెట్టె అని అరిచింది, నిజమే. ఎగతాళి చేస్తోందనుకున్నాను. అయితే మాత్రం? మాటలతో నా చూపు మళ్ళించి చేతులతో పని కానిచ్చింది."

వగ్దీ బాల్కనీలో నిలబడి, కిందికీ పైకీ చూసి, తల గోక్కున్నాడు. "ఆవిడ తీయలేదు. ఈవిడ దాచలేదు. మోటారు సైకిల్ మనిషి అప్పుడే వెళ్ళిపోయాడు. ట్యాబ్‌కి రెక్కలొచ్చాయా, షాహీ?"

"ఉన్నదానికి కదా రెక్కలు రావాలి," అంది షాహినాజ్. "సాయంత్రం అందరినీ ఇక్కడికి పిలువు. రాఫత్‌ని ముఖ్యంగా."

*

సాయంత్రం ఇబ్తిసామ్ ముందుగదిలో అందరూ చేరారు. ఇబ్తిసామ్ సోఫాలో, మరామ్ ఆమె వెనక నిలబడి. నేమత్ లోపలికి రానంది, గుమ్మం మీదే కుర్చీ వేయించుకుంది. షాదీ తల్లి పక్కన నిలబడ్డాడు, చూపు మాత్రం మరామ్ మీద ఉంది. రాఫత్ అందరికన్నా చివర వచ్చి కిటికీ దగ్గర సర్దుకున్నాడు.

షాహినాజ్ అట్టపెట్టెను బల్ల మీద పెట్టింది.

"ఈ టేపు ఒక్కసారే తెగింది, అది కూడా మరామ్ చాకుతో. దుప్పటి వెనక కాసేపట్లో టేపు ఊడదీసి, సరుకు మార్చి, మళ్ళీ గీత పడకుండా అతికించడం ఎవరి వల్లా కాదు. పైగా పెట్టె చేతికి తగలగానే నేమత్ గారు ఇస్త్రీపెట్టెలా ఉందన్నారు. దొంగిలించబోయే మనిషి బరువు గురించి అరిచి చెప్పదు. ట్యాబ్ అంత బరువూ ఉండదు. అంటే పెట్టె వీధిలోంచి బుట్టలోకి ఎక్కేటప్పటికే సబ్బులున్నాయి."

ఇబ్తిసామ్ పెట్టెను దగ్గరికి లాక్కుని టేపు తడిమి చూసింది.

"కానీ ట్యాబ్ బదులు సబ్బులు ఎందుకు పంపుతారు?" అన్నాడు షాదీ.

"పెట్టె తేలిగ్గా ఉంటే డబ్బిచ్చేముందే అనుమానం వస్తుంది, అందుకు. ఇంకెక్కడైనా అయితే తెచ్చిన మనిషి ఎదుటే విప్పి చూస్తారు. మనం డబ్బు బుట్టలో దించుతాం, సరుకు బుట్టలో లాగుతాం. విప్పేలోగా బండి మలుపు తిరిగిపోతుంది. వాళ్ళకి ఆ పంపిణీ ఖర్చు ఒక లాభం, మీ పదకొండు ఫోన్ల లోంచి జాతకాల పేరుతో రోజూ కారే డబ్బు రెండో లాభం."

"మరి మా తమ్ముడికి నిజంగానే వచ్చిందిగా," అంది నేమత్.

గదిలో అందరూ రాఫత్ వైపు తిరిగారు.

"వగ్దీ, నీకు గుర్తుందా? ట్యాబ్‌లో పది దాటిందన్నావు, అప్పుడే మధ్యాహ్నపు అజాన్ వినబడింది. ఆ గడియారం ఎప్పుడూ పదే చూపిస్తుంది. అది తెర మీద అతికించిన బొమ్మ. ఫోన్ల దుకాణాల్లో చూపుకి పెట్టే డొల్ల ట్యాబ్. అందుకే అద్దం తాళం దొరకలేదు." ఆమె వగ్దీ అరచేతుల వైపు చూపించింది. "ఇక నీ చేతులు. పాత ఆలివ్ నూనె, ఫినాయిలు. రాఫత్ గారూ, మీ వెనక గదిలో సబ్బు మీద ఖర్జూరపు చెట్టు ఇంకా ఎంత మిగిలింది?"

వగ్దీ తన అరచేతుల్ని చూసుకున్నాడు. "మెట్ల మీద నా చేయి పట్టుకున్నది అందుకా?"

"అందుకు కూడా," అంది షాహినాజ్ మెల్లగా.

రాఫత్ గోటితో కిటికీ రెక్క గీరాడు. "సగం చెట్టు మిగిలింది," అన్నాడు చివరికి. "పారేయడానికి మనసొప్పలేదు. నాకూ సబ్బులే వచ్చాయి. షట్టర్ దించుకుని మరీ విప్పాను, అదే నయమైంది అనుకున్నాను. ఫోన్ల వాడే మోసపోయాడని తెలిస్తే ఇంకెవరు నా దగ్గరికి ఫోన్ తెస్తారు? వాళ్ళకి రాస్తే, పొరపాటు జరిగింది, నీ కింద చేరినవాళ్ళు కూడా పదేసి మందిని చేర్చగానే అసలుది పంపుతాం అన్నారు."

"నమ్మావా?" అంది నేమత్.

"సగం."

"నిన్న నన్ను వీధి మధ్యలో దొంగన్నారు. నువ్వు కింద దుకాణంలోనే ఉన్నావు. విన్నావు."

నేమత్ వంగి కాలి చెప్పు తీసుకుంది. షాదీ అడ్డం వచ్చాడు. రాఫత్ పక్కకి తప్పుకోలేదు, తల వంచుకుని నిలబడ్డాడు. అది చూసి నేమత్ చెప్పు మళ్ళీ కిందికి వదిలేసింది.

"ఉస్తాజా, ఇలాంటివన్నీ ఇంతేనా? ఒక్కటైనా నిజం ఉండదా?" అడిగింది మరామ్.

"ఉంటాయి. ఇచ్చినమాట ప్రకారం పంపేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు కూడా అది ఉచితం కాదు. పదిమంది మన ముఖం చూసి చేరతారు. వాళ్ళ నమ్మకాన్ని మనం ఎవరికో తూచి ఇస్తాం, దానికి బదులుగా ఒక వస్తువు పుచ్చుకుంటాం. ఆ బేరం గిట్టుతుందో లేదో, మీ అమ్మని అడుగు. నిన్నటి నుంచి ఆవిడ నిద్రపోయినట్టు లేదు."

ఇబ్తిసామ్ సోఫా పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేసినా ఆగకుండా గుమ్మం దాకా నడిచి నేమత్ ఎదుట నిలబడింది.

"వీధిలోకి అరిచాను కదా. ఇప్పుడు కూడా వీధిలోకే అరుస్తాను, తప్పు నాదని. ఈ నాలుక తెగిపోనూ."

నేమత్ ముఖం తిప్పుకుంది. కింద వీధిలో చిలగడదుంపలమ్మేవాడి కేక వచ్చి పోయింది.

"నాలుక ఉంచుకో," అంది నేమత్ ఎటో చూస్తూ. "రేపు ఫాతిహా కాగానే నాలుక ఆడిస్తూ సంతోషపు కూత పెట్టాలి. ఈ భవనంలో నీ అంత గట్టిగా ఎవరికీ రాదు."

షాదీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు, రంగు దీపాలు వెతకడానికి. రాఫత్ కూడా కదలబోయాడు, షాహినాజ్ ఆపింది.

"మీకు రేపు పొద్దున్నే పని ఉంది. మీ ద్వారా చేరిన ప్రతి గుమ్మమూ ఎక్కి, ప్రతి ఫోన్లోనూ ఆ జాతకాలు ఆపించాలి. ప్రతి గుమ్మంలోనూ నాకూ సబ్బులే వచ్చాయని మీ నోటితో చెప్పాలి."

"అన్ని గుమ్మాలూనా?" అన్నాడు రాఫత్ దీనంగా.

"అన్నీ," అంది నేమత్. "వెనకాల నేనుంటాను, చెప్పుతో సహా." తర్వాత ఇబ్తిసామ్ వైపు తిరిగింది. "నువ్వు రేపు మధ్యాహ్నం నమాజు కాగానే నా బాల్కనీ దాకా బుట్ట దించు. ఫాతిహాకి రవ్వ మిఠాయి, బస్బూసా, నేనే చేసి పంపుతాను. ఈసారి పైకి లాగగానే, నేను కింది నుంచి చూస్తుండగానే మూత తీసి చూసుకో."