ఆమేన్ అనకముందు

జీవమణి బూడిదతో లాంతరు చిమ్నీ తోముతుండగా ఒక యువకుడు రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులైనా లేవు.

“జాన్‌బాబు గారున్నరా? నా వ్యాసం పోయింది.”

అతని పేరు సాలమన్. అమీర్‌పేటలో ప్రార్థనలు నడిపే శాంతిరాజు కొడుకు. యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదువుతున్నాడు. వ్యాసాల పోటీకి ఆ సాయంత్రమే గడువు. గెలిస్తే పై చదువుకు ఉపకారవేతనం ఇస్తారు. లేకపోతే అతని చదువు అక్కడితో ఆగినట్టే.

“పొద్దున ప్రార్థనకు కూర్చున్నప్పుడు బల్ల మీదనే ఉన్నది. ఆమేన్ అని కండ్లు తెరిచేసరికి లేదు. ఇంట్ల ఎవ్వర్నీ కదలొద్దని చెప్పి, మూలమూల వెతికిన.”

“దేని మీద రాసినవు?” అన్నాడు జాన్‌బాబు. లోపలి నుంచి వచ్చిన ఆయన జీవమణి అన్న, పంజాగుట్టలో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్.

“దేవుణ్ణి నమ్మనోడు మంచిగ బతుకగలడా అని. బతుకగలడనే రాసిన. గెలిచిన వ్యాసం సభల చదువుతరు.”

జీవమణి చేతులు కడుక్కుని అన్న వెంట నడిచింది. అన్న ప్రశ్నలు వేస్తుంటే పక్కన కూర్చుని వినడం ఆమెకు అన్నిటికన్నా ఇష్టం.

ఆ ఇంట్లో ఉక్కపోత. సాలమన్ తల్లి మగ్దలీనమ్మ విసనకర్ర ఊపుతోంది. శాంతిరాజు మాత్రం నల్లకోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు.

“పాలు పోసే రాజమ్మనడుగుండ్రి. కొంగు నెత్తిన కప్పుకొని గడపల నిలబడ్డది. ఆ కొంగు కింద ఏం దాచిందో!” అన్నాడు శాంతిరాజు.

సాలమన్ పరుగున వెళ్లి ఆమెను పిలుచుకొచ్చాడు. రాగానే ఆమె చేతిలోని మూట విప్పమన్నాడు. రాజమ్మ విప్పి చూపింది. జొన్నరొట్టె ముక్క ఉంది.

“ఎన్నడన్న కొంగు కప్పుకొంటినా బిడ్డా? మీరు దండం పెడుతున్నరని కప్పుకున్న. జరసేపు నిలబడి, పాలు పెట్టి, మీరు కండ్లు తెరవకముందే పోయిన.”

జాన్‌బాబు అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

“మగ్దలీనమ్మ గారూ, రాజమ్మను చూశారా?”

“లేదయ్యా. లేచినంక గడపల పాలచెంబే చూసిన. ఆమేన్ దాక మా ఇంట్ల ఎవ్వరు కండ్లు తెరవరు.”

“మరి ఆమె కొంగు కప్పుకున్న సంగతి అయ్యగారికెట్లా తెలిసింది?”

శాంతిరాజు కోటు అంచు సర్దుకున్నాడు.

“ఆమె తీస్తుండగా చూసి ఉంటే అప్పుడే కేక వేసేవారు. ప్రార్థన ఆపకుండా కళ్లు తెరిచారు. బల్ల మీ చేతికందేంత దూరం. ఇంట్లో ఉన్నంతసేపూ కొడుకు వెతుకుతూనే ఉన్నాడు, అతను బయటికి వెళ్లినా భార్య ఎదురుగానే ఉంది, కదిలి దాచే వీలు దొరకలేదు. ఆ కోటు విప్పండి అయ్యగారూ.”

బొత్తాలు ఒక్కొక్కటే ఊడాయి. కాగితాలు చెమటకు తడిసి ఉన్నాయి.

“సభల నా కొడుకు ఆ మాట చదివితే, ఆదివారం నేనెట్ల నిలబడాలె?” అన్నాడు శాంతిరాజు నేల చూస్తూ.

“గందుకు నన్ను దొంగను చేస్తివా అయ్యా?” అంది రాజమ్మ.

జీవమణి తల వంచుకుంది. తనే ఏదో చేసినట్టు చెవులు వేడెక్కాయి.

సాలమన్ రాజమ్మ ముందు చేతులు జోడించాడు. ఆమె మూట కట్టుకుంటూ అతని వైపు చూడలేదు. అతను కాగితాలు తీసుకుని గుమ్మం వైపు నడిచాడు. పరీక్షకు పోతున్నా, ఊరికి పోతున్నా కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించడం శాంతిరాజుకు అలవాటు. ఇప్పుడూ ఆ చెయ్యి లేచింది.

సాలమన్ ఆ చెయ్యిని తప్పించుకుని మెట్లు దిగిపోయాడు.