పిలిచేదాకా తిరగొద్దు

సుమంత్‌కు ఫోటోల పిచ్చి పట్టి ఆరేళ్లయింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే మనిషికి కొండల మీదా బీళ్ల మీదా అంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో, కన్నతల్లి సుమిత్రమ్మకే అంతుపట్టలేదు. ఇంటిల్లిపాదీ కలిసి ఏ ఊరికి బయల్దేరినా సరే, దారిలో వెలుగు బాగుందనిపిస్తే కారు పక్కకు ఆపేస్తాడు. లోపల తల్లీ పెళ్లామూ ఉక్కకు ఉడికిపోతున్నా, ఏడేళ్ల కూతురు సుష్మిత వాంతొస్తోందని ఏడుస్తున్నా, ట్రైపాడ్ భుజాన వేసుకొని దిగిపోతాడు.

ఆ రోజు వాళ్ల ప్రయాణం లేపాక్షికి. రాత్రికి హిందూపురంలో బస, పొద్దున్నే గుడి. తిన్నగా పోయి ఉంటే దీపాలు పెట్టే వేళకు చేరేవాళ్లే. సుమంత్ మాత్రం బెళుగుప్ప దాటాక తారురోడ్డు వదిలి కారును మట్టిదారి పట్టించాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు? ఈ బీట్లో ఏముండాదని?" వెనక సీట్లోంచి సుమిత్రమ్మ అడిగింది.

"పది నిమిషాలమ్మా. ఈ ఎండ మళ్లీ దొరకదు."

"ఎండ దొరకకపోనీకి ఇదేమన్నా ఊటీనా? ఈడ ఎండ కాక ఇంగేం దొరుకుతాది?"

సుష్మిత పకపకా నవ్వింది. ముందు సీట్లో ఉన్న అనుపమ నవ్వలేదు. కారు ఆగితే తనేం చేయాలో ఆమెకు బాగా తెలుసు.

సుమంత్‌కు ఒక పద్ధతి ఉంది. ఖాళీ నేల ఎంత పెద్దదో ఫోటోలో తెలియాలంటే, అందులో ఎక్కడో ఒక చిన్న మనిషి ఉండాలంటాడు. ఆ చిన్న మనిషి ఎప్పుడూ అనుపమే. దానికోసమని డిక్కీలో ఒక ఎర్ర చీర మడతపెట్టి ఉంటుంది. వేసుకున్న చుడీదార్ మీదనే దాన్ని చుట్టుకొని, ఫర్లాంగు దూరం నడిచి, కెమెరాకు వీపు పెట్టి నిలబడాలి. పని అయిపోయాక అతను కేకేస్తాడు. అప్పటిదాకా తల తిప్పకూడదు. మొహం కనపడితే చూసేవాళ్ల కళ్లు దాని మీదికే పోతాయట, నేల మీద నిలవవట.

ఈ ఆరేళ్లలో వేల ఫోటోలు తీశాడు. వాటిలో వందల చోట్ల అనుపమ ఉంది. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. పోయినేడు అనంతపురంలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఎవరో పెద్దమనిషి ఒక ఫోటో ముందు ఆగి, "ఈ ఎర్రచీర ఆమె ఎవరు?" అని అడిగాడు. "ఎవరో లెండి, కొలతకోసం పెట్టినా" అన్నాడు సుమంత్. అప్పుడు అనుపమ అతని పక్కనే టీ కప్పు పట్టుకొని నిలబడి ఉంది. ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తి గొడవ పెట్టుకుందామనుకుంది గానీ, ఆయనకు అందులో తప్పేమిటో కూడా అర్థం కాదని ఊరుకుంది. ఊరుకున్న కొద్దీ ఆ బాధ లోపల గట్టిపడింది.

"ఇదిగో, దిగు. ఆ పైపు కనపడతాంది గదా, దాన్ని దాటి నిలబడు," అన్నాడు సుమంత్ లెన్సు తుడుచుకుంటూ. పెళ్లయిన పదకొండేళ్లుగా ఆమె అతనికి 'ఇదిగో'నే.

"నేనూ వస్తా అమ్మా," అంది సుష్మిత.

"వద్దు పాపా. ఇద్దరుంటే ఫోటో చెడిపోతాది," అని తండ్రే జవాబు చెప్పాడు.

అనుపమ చీర చుట్టుకొని నడిచింది. వేరుశనగ ఎప్పుడో పీకేసిన చేను. పీకగా మిగిలిన ఎండు కట్టె చెప్పుల కింద పటపటమంది. ఎటు చూసినా ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా తుమ్మకంపలు. దూరాన గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి. వాటి చప్పుడు గాలితోపాటు ఉండుండి వచ్చి పోతోంది. వెనక్కి తిరిగి చూస్తే కారు అగ్గిపెట్టెంత కనపడింది. ఆ అగ్గిపెట్టెలోనే తన సంసారమంతా ఉంది. తాను మాత్రం ఇక్కడ ఉంది.

పైపు దగ్గరికొచ్చింది. పాతకాలం బోరు అది. తుప్పుపట్టిన కేసింగు పైపు మూరెడు పైకి లేచి ఉంది. నోటికి బండ కప్పి ఉంది. దాన్ని దాటి పది అడుగులేసి, కారుకు వీపు పెట్టి నిలబడింది. పొద్దు ఎడమవైపు వాలుతోంది. ఎడమ చెంప, ఎడమ భుజం చుర్రుమంటున్నాయి. కుడివైపు ఆమె నీడ సన్నగా, పొడుగ్గా సాగింది.

కొంతసేపటికి గాలి పడిపోయింది. గాలిమరలు ఒకటొకటిగా నిలిచిపోయాయి. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. ఎక్కడినుంచో డీజిలు వాసన... దానివెంటే తడిమట్టి వాసన వచ్చింది. ఈ నేల మీద చినుకు పడి ఏడు నెలలయింది.

"పిలిచినారా అక్కా?"

అనుపమ ఉలిక్కిపడింది. తల తిప్పబోయి ఆపుకుంది. ఆరేళ్ల అలవాటు మరి. కళ్లు మాత్రమే ఎడమకు తిప్పింది.

నాలుగు బారల దూరంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. వెలిసిపోయిన ఎర్ర చీర. ఆమె కూడా కారుకు వీపు పెట్టి, ముందుకే చూస్తోంది. పక్క చేన్లో కూలికొచ్చిన మనిషేమో అనుకుంది అనుపమ. ఇద్దరున్నారని తెలిస్తే సుమంత్ తలపట్టుకుంటాడని తోచి, లోలోపల కొంచెం సంబరపడింది కూడా.

"ఎవరు పిలవాల?" అని మెల్లగా అడిగింది.

"మా వాళ్లు. బోరేస్తాండారు గదక్కా మా చేన్లో."

"దానికి నువ్వు ఈడ ఏంటికి నిలబడుకోవాల?"

"టెంకాయ పట్టుకోని నీళ్ల పాయింటు చూసిన సామి చెప్పినాడు. ఇంటి ఆడమనిషి బోరుకి వీపు పెట్టి నిలబడుకోవల్లంట. నీళ్లు పడినంక పిలుస్తారంట. ముందే తిరిగితే గంగమ్మ లోపలికి పోతాదంట."

అనుపమ చెవులు రిక్కించింది. బోరు లారీ నడుస్తుంటే మూడు ఊళ్లకు వినపడుతుంది. ఇక్కడ చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"సప్పుడేం లేదే?"

"నిలిచిపోయినాదక్కా. ఏడునూర్ల అడుగులు పోయినాము, ఇంగ దండగ అని ఎవురో అనిరి. మా ఆయన గొంతు కాదు అది. మా ఆయన ఏమీ అనలే. రొంచేపటికి లారీ పోయిన సప్పుడు ఇనపడె."

"లారీ పోయినంక ఇంగేంటికి? ఇంటికి పోరాదా?"

"పిల్సలేదు గదక్కా."

ఎండలో నిలబెట్టి మరిచిపోయినారా ఈమెను? ఎంత మొగోళ్లప్పా వీళ్లు! ముక్కూ మొహం తెలియని మనిషి మీద అనుపమకు చెప్పలేనంత జాలి కలిగింది. తన సంగతి అర్థమయ్యే మనిషి ఈ పదకొండేళ్లలో ఒకరు దొరికారనిపించింది.

"ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక పాప. పాలు తాగుతాంది."

అంతలో వెనకనుంచి, దూరంగా, సుమంత్ కేక వినపడింది.

"అయిపోయింది! రా!"

పక్కనున్న మనిషి ఊపిరి బిగబట్టింది. "అక్కా... నన్నేనా?"

అనుపమకు ఒళ్లు మండింది. రా అట, రా! ఎవరిని? కుక్కనైనా పేరు పెట్టి పిలుస్తారు కదా. కోపంతోనో, జాలితోనో, వెటకారంతోనో, ఆ మాట నోరుజారి వచ్చేసింది.

"నిన్నే అనుకో. పో. ఆయనకు ఎవరొచ్చినా ఒకటే."

"పోదునా? నిజంగా?"

"పో అంటి గదా."

ఆ మనిషి పొడుగ్గా ఊపిరి వదిలింది. వెనక్కి తిరిగింది. ఎండిన కట్టె మీద అడుగుల చప్పుడు అనుపమ వీపు వెనకగా పోయింది. పోతూ పోతూ ఆమె చీర కుచ్చెళ్లు అనుపమ మడమలకు తగిలాయి. చల్లగా... నీళ్లు కారుతూ.

అప్పుడు తట్టింది అనుపమకు. ఆ మనిషి నిలబడింది తనకూ పొద్దుకూ మధ్యన. ఆమె నీడ తన మీద పడి ఉండాలి. కానీ ఇంతసేపూ ఎడమ చెంప కాలుతూనే ఉంది.

తిరగబోయింది.

మెడ తిరగలేదు.

కాలు ఎత్తబోయింది. లేవలేదు. అరుద్దామనుకుంది... నోరు తెరుచుకోలేదు. కళ్లు ఒక్కటే మిగిలాయి. వాటి ముందు ఎర్రటి బీడు, ఆగిపోయిన గాలిమరలు.

చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. ఫర్లాంగు దూరంలో మాట్లాడుకుంటే వినపడకూడదు. వినపడుతోంది... చెవి పక్కనే అన్నట్టు.

"అమ్మా! ఎంతసేపు!" సుష్మిత పరుగెత్తిన చప్పుడు.

"ఎండకి నల్లగా కాలిపోతివి గదమ్మా," సుమిత్రమ్మ గొంతు. "ఇంద, నీళ్లు తాగు."

"తాగుతా అత్తా."

ఆ గొంతు అనుపమదే. అచ్చంగా అనుపమదే. తర్వాత గుటకలు... ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి... ఆగడం లేదు.

"ఓయమ్మా, ఇంత దప్పికా! బాటిలంతా ఖాళీ చేసె."

నేనీడ ఉండా. పాపా, నేనీడ ఉండా. లోపల ఎంత అరిచినా పెదవి కూడా కదలలేదు.

"ఒక్క నిమిషం," అన్నాడు సుమంత్. అతని గొంతులో ఏదో మెత్తదనం. అనుపమ ఎన్నడూ విననిది. "ఆడనే నిలబడు. కాదు, ఇటు తిరుగు. ఈ వెలుగులో నీ మొహం ఎంత బాగుండాదో తెలుసా... అనుపమా, నా దిక్కు చూడు."

కెమెరా క్లిక్కుమంది.

అనుపమ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా కిందికి జారలేదు.

"అమ్మా, నీ చెయ్యి ఏంటికింత చల్లగా ఉండాది?" అని సుష్మిత అడుగుతోంది. ఎవరో నవ్వారు. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు తలుపులు పడ్డాయి. ఇంజన్ మొదలైంది. మట్టిదారి మీద టైర్ల చప్పుడు కొంతదూరం వినపడి, తారురోడ్డు ఎక్కగానే సన్నగా అయిపోయి, ఆగిపోయింది.

తిరిగొస్తారని ఎదురుచూసింది. పాపకు తెలియదా? ఆ ఒక్క పిల్లకైనా తెలియదా?

పొద్దు మునిగింది. గాలి మళ్లీ వీచింది. గాలిమరలు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. బీడు మీద మసక కమ్ముకుంటుండగా, గొర్రెల మంద ఒకటి ఎదురుగా వచ్చింది. వాటి వెనక కంబళి కప్పుకున్న ముసలి కాపరి. మనిషి! అనుపమ ఉన్న ప్రాణమంతా కళ్లలోకి తెచ్చుకొని అతని వైపు చూసింది.

గొర్రెలు ఆమెకు అటూ ఇటూ చీలి నడిచిపోయాయి. ఒకటి మాత్రం ఆగి, ఆమె పిక్కకు ఒళ్లు బరబరా రుద్దుకొని పోయింది. ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతికర్రను ఆమె భుజానికి ఆనించాడు. ఉస్సురంటూ కూలబడి, ఆమె మోకాళ్లకు వీపు చేర్చి, బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

అంతలోనే వీపు చప్పున ముందుకు జరుపుకున్నాడు. చెయ్యి చాచి ఆమె మోకాలి మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు.

"నిన్నంతా సల్లగా ఉండె గదప్పా ఈ రాయి," అన్నాడు గొర్రెలతో.