ముందే చెప్పిన సాక్ష్యం

శనివారం పొద్దున తబిత ఇడ్లీ పిండి వేస్తుంటే, ఆమె భర్త శాంతికుమార్ పొయ్యి పక్కనే నిలబడి ఫోన్‌లో, బ్యాంకులు అప్పు ఇచ్చేముందు చూసే తన సిబిల్ స్కోరు చూసుకుంటున్నాడు. ఇది ఆ ఇంట్లో రోజూ జరిగే తతంగమే. కొందరు లేవగానే బీపీ చూసుకుంటారు, శాంతికుమార్ స్కోరు చూసుకుంటాడు. పెరిగిన రోజు రెండు ఇడ్లీలు ఎక్కువ తింటాడు. తగ్గిన రోజు ఎవరితోనూ మాట్లాడడు.

"ఆరువందల నలభై ఎనిమిది! నాలుగు పెరిగింది తబితా."

"మంచిదే. జర పక్కకు జరగండి, ఆవిరి తగుల్తది."

నాలుగేళ్ల కిందటి వరకు అతను బూర్గంపాడులో పేరున్న జామాయిల్ కర్ర వ్యాపారి. రైతుల తోటలు కొని, కొట్టించి, సొంత లారీల్లో కాగితం మిల్లుకు తోలేవాడు. రేటు పడిపోయిన ఏడాది లారీలు పోయాయి, రైతులకు ఇవ్వాల్సిన డబ్బు ఆగిపోయింది. ఇక కట్టలేనని కోర్టులో ఐపీ పెట్టాడు. కోర్టు అప్పులు కొట్టేసింది గానీ ఊరు అతనికి కొత్త పేరు పెట్టింది. అప్పటినుంచి అతను ఐపీ శాంతికుమార్. ఇప్పుడు ఇంకొకరి దగ్గర కమీషన్ మీద కర్ర తోలుతున్నాడు. పోయిన పరపతి మళ్లీ కూడగట్టుకోవాలని వాయిదాల మీద ఫ్రిజ్ కొని, ప్రతి వాయిదా ఒకరోజు ముందే కడుతున్నాడు. ఫ్రిజ్‌లో పెట్టడానికి ఏమీ లేని రోజులు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి.

అతను ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. "మూడు సంతకాలు కావాలె. నా స్కోరుకు లోన్ ఇయ్యరంట. నీ జీతం, నీ పేరు ఉంటే ఇస్తరు. ఖమ్మంల తెల్ల జర్మనీ కారు, సెకండ్ హ్యాండే. సాయంత్రం ఐదింటికి షోరూం మనిషి వస్తడు."

తబిత కాగితం చదివింది. ఏడేళ్లు, నెలకు ముప్పై ఆరు వేలు. ఆసుపత్రిలో నర్సుగా ఆమె తెచ్చుకునే జీతంలో సగం పైన.

"మన సందుల తిరగనే తిరగదు గా కారు."

"చర్చి కాంపౌండ్‌ల పెడ్త. పాస్టరయ్యగారు ఒప్పుకున్నడు."

"అయ్యగారికెందుకు చెప్పిండ్రు?"

శాంతికుమార్ చట్నీ గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. మూలన వెల్లుల్లి ఒలుస్తున్న అతని తల్లి విశ్రాంతమ్మ తల ఇంకా కిందికి వంచుకుంది. అప్పుడు చూసింది తబిత. అత్తగారి చెవులు బోసిగా ఉన్నాయి.

"అత్తమ్మా, కమ్మలేవి?"

"అమ్మి అడ్వాన్సు కట్టిండు బిడ్డా," అంది ముసలామె, వినపడీ వినపడకుండా.

బస్సుకు టైమైపోయింది. వంతెన దాటి భద్రాచలం చేరేదాకా తబితకు గోదావరి కనిపించలేదు, ఆ బోసి చెవులే కనిపించాయి.

వార్డులో అడుగు పెట్టగానే తోటి నర్సు పుష్ప ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "అక్కా, కంగ్రాట్స్! రేపు కారు ప్రార్థనంట గదా. మా అమ్మవాళ్లు పులిహోర వండుతున్రు. రిబ్బన్ గూడ కొన్నరు."

అప్పటికి గానీ తబితకు విషయం అర్థం కాలేదు. వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా, బండి కొన్నా ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్తారు. బండయితే ఆవరణలోకి తెస్తారు, అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, తర్వాత భోజనాలు. ఎవరైనా సరే, బండి చేతికి వచ్చాకే చెప్తారు. శాంతికుమార్ మాత్రం పోయిన ఆదివారం, భార్య డ్యూటీలో ఉన్న పూట, లోన్ సంగతి తేలకముందే లేచి "దేవుడు నాకు కారు ఇచ్చిండు" అని చెప్పేశాడు. దేవుడికి ఇంకా ఆ సంగతి తెలియదు, భార్యకు అసలే తెలియదు.

సంతకం పెడితే ఏడేళ్లు తన మెడకు ఉరి. పెట్టకపోతే రేపు చర్చి నిండా జనం ముందు మొగుడి తల కొట్టేసినట్టు. మధ్యాహ్నంలోగా షోరూం వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎటు చూసినా తలుపులు మూసుకుపోతున్నట్టే అనిపించింది ఆమెకు.

మూడింటికి కాన్పుల వార్డు ముందు ఎవరో "సిస్టరమ్మా!" అని పిలిచారు. చండ్రుగొండ దగ్గరి తండా నుంచి వచ్చిన భీమ్లా. రెండెకరాల జామాయిల్ తోట శాంతికుమార్‌కు ఇచ్చి, ఐపీలో అంతా పోగొట్టుకున్న రైతు. తిడతాడనుకుంది తబిత. అతను ఆమె చేతిలో లడ్డూ పెట్టాడు.

"మనవడు పుట్టిండమ్మా. సారు కారు కొంటున్నడంట గదా, పుష్పమ్మ చెప్పింది. మస్తు సంతోషం. మంచిరోజులొచ్చినయ్. ఇగ మా పైసలు గూడ ఇస్తడు గదా?"

ఆ లడ్డూ ఆమె తినలేకపోయింది, పారేయలేకపోయింది. బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఐదు కాకముందే ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి సిద్ధంగా పెట్టాడు శాంతికుమార్.

"చర్చిల ఎవర్ని అడిగి చెప్పిండ్రు?" అంది తబిత.

"విశ్వాసంతోటి చెప్పిన."

"విశ్వాసం మీది, వాయిదా నాదా!"

"నేను సోకుకు అడుగుతున్ననా?" అతని గొంతు లేచింది. "బైకు మీద పోతే మిల్లు గేటు కాడ వాచ్‌మెన్ గంటసేపు నిలబెడుతుండు. కారుల వచ్చినోన్ని లోపలికి పిలిచి చాయ్ ఇస్తున్రు. తోట ఇచ్చే రైతు గూడ బండి దిక్కే చూస్తడు. మా అమ్మ నాలుగేండ్ల సంది చర్చిల చివరి చాప మీద కూసుంటున్నది. ఒక్కపారి ముందుకు కూసోబెడ్దామనుకున్న. తప్పా?"

తబిత పెన్ను చేతిలోకి తీసుకుంది. నిజానికి సంతకం పెట్టేసేదే. అతని మీద అంత జాలేసింది. ఫైలు దగ్గరికి లాక్కోవడానికి జరిపిన బ్యాగులోంచి లడ్డూ పొట్లం బయటపడింది.

"భీమ్లా ఇచ్చిండు," అంది.

శాంతికుమార్ పొట్లాన్ని ముట్టుకోలేదు. "తిట్టిండా?"

"తిడితే బాగుండు. సంబరపడ్డడు. కారు కొంటున్నడంటే మా పైసలు గూడ ఇస్తడు గదా అన్నడు."

"ఆ బాకీ కోర్టు కొట్టేసింది గదా."

"కోర్టు కొట్టేసింది నాయనా." విశ్రాంతమ్మ వెల్లుల్లి చాట పక్కన పెట్టింది. "కారు లేక నేను ఎనక కూసుంటున్ననారా? మనం పైసలియ్యాల్సినోళ్లు ముందు చాప మీద ఉంటరు. వాళ్ల మొకం చూడలేక కూసుంటున్న."

"మరి కమ్మలెందుకిచ్చినవమ్మా?"

"కొడుకు అడిగితే ఇయ్యకుంట ఎట్లుంట?"

బయట షోరూం మనిషి హారన్ కొట్టాడు. శాంతికుమార్ తబిత చేతిలోని పెన్ను తీసుకుని మూత పెట్టాడు. తర్వాత ఫైలు తీసుకుని బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"అడ్వాన్సు వాపసు రాదంట," అన్నాడు.

విశ్రాంతమ్మ చెవి తడుముకుంది. "పోతే పోనీ."

ఆదివారం చర్చి ఆవరణలో కారు కోసం ఊడ్చి నీళ్లు చల్లిన జాగా అట్లాగే ఉంది. ముగ్గురూ బైకు మీద ఇరుక్కుని వచ్చారు. గేటు దగ్గర రిబ్బన్ పట్టుకున్న ఆడవాళ్లు వాళ్ల వెనక ఇంకేమైనా వస్తుందేమోనని రోడ్డు వైపు చూశారు. తబితకు భూమిలోకి పోవాలనిపించింది.

సాక్ష్యాల వేళ అయ్యగారు పేరు పిలిచారు. శాంతికుమార్ లేచాడు.

"కారు రాలే," అన్నాడు. "దేవుడు ఇచ్చిండని నేనే ముందుగాల చెప్పిన. మీ ముందు పెద్దోన్ని కావాలని చెప్పిన. ఇయ్యాల్సినోళ్లకు ఇయ్యకుంట కారు అడిగిన. నన్ను క్షమించుండ్రి."

ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు చివరి చాప మీదినుంచి విశ్రాంతమ్మ లేచింది. బోసి చెవులను కొంగుతో కప్పుకోకుండా, అందరి మధ్యనుంచి నడిచి వచ్చి ముందు చాప మీద కూర్చుంది. పక్కామె కొంచెం జరిగి చోటిచ్చింది.

"పులిహోర చల్లారకముందే ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

భోజనాల దగ్గర శాంతికుమార్ కనిపించలేదు. తబిత వెతుక్కుంటూ వెళ్తే, కారు కోసం నీళ్లు చల్లిన జాగాలో నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. స్పీకర్‌లో భీమ్లా గొంతు.

"ఏ శాంతికుమారు?"

అతను కళ్లు మూసుకున్నాడు. ఊరు పెట్టిన పేరును నాలుగేళ్లుగా విననట్టు తప్పించుకు తిరిగిన మనిషి.

"ఐపీ పెట్టిన శాంతికుమార్‌నే అన్నా. కారు కొనలే. నెలకు మూడువేలిస్త. అంతకంటే నాతోటి కాదు. శానా ఏండ్లు పడ్తది."

అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"మూడువేలయితే మూడువేలే," అన్నాడు భీమ్లా. "ఒకటో తారీఖు మర్వకు సారూ."

తబిత కళ్లలో నీళ్లు నిలిచాయి. కొంగుతో తుడుచుకుని దగ్గరికి వెళ్లి, భర్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మర్వడు అన్నా," అంది. "ఒకరోజు ముందే ఇస్తడు."