టీచరమ్మ చెప్పులు

రైలుకు ఇంకా టైముంది. విజయశ్రీ టీ వడపోసి ఒక గ్లాసు అత్తగారికి ఇచ్చింది. రాజవ్వ ఎప్పటిలాగే వంటింటి గడప పక్కన పీట మీద కూర్చుని ఉంది. హాల్లో టేబుల్ చుట్టూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కోడలు ఎదుట ఉంటే ఆమె వాటి దరిదాపులకు కూడా రాదు.

“అత్తమ్మా, పైన కూర్చోండి. కింద చల్లగ ఉంది.”

“వద్దమ్మా. నాకు గిదే అల్కగుంటది. మీరు తాగుండ్రి.”

మీరు! కొడుకును ‘ఏందిరా’ అంటుంది. పాలు పోసే మల్లక్కతో పరాచికాలాడుతుంది. కోడలిని మాత్రం ‘మీరు’. పెళ్లయి ఇన్నేళ్లయినా ఒక్కనాడు మంచినీళ్లు తెమ్మని అడగలేదు. మోకాళ్లు పీకుతున్నా కుంటుకుంటూ వెళ్లి తనే ముంచుకుంటుంది.

విజయశ్రీ పుట్టింది ఒకప్పటి దొరల ఇంట్లో. అలాంటి ఇళ్లకు బట్టలుతికిన కుటుంబంలో పుట్టిన హరికృష్ణను ఇష్టపడి చేసుకున్నందుకు పుట్టింటి తలుపులు మూసుకున్నాయి. ఈ ఇంటి తలుపులు తెరిచే ఉన్నాయి. కానీ లోపలికి రమ్మన్నవాళ్లే లేరనిపించేది ఆమెకు.

హరికృష్ణ అప్పటికే లోకోషెడ్‌కు వెళ్లిపోయాడు. టీ సగం తాగేసరికి ఫోన్ మోగింది. హెడ్‌మాస్టర్ రమాకాంత్.

“మేడమ్, వాట్సాప్ చూసిండ్రా?”

“లేదు సార్. ఏమైంది?”

“నిన్నటి మీ తొమ్మిదో తరగతి వీడియో. ఎవలో పిల్లలు తీసిండ్రట. ఊరంత తిరుగుతాంది. జల్ది రండి.”

వీడియో తెరిచింది. నిన్నటి క్లాసు. వెట్టి గురించిన పాఠం. కూలీ లేకుండా దొరలకు చాకిరీ చేసిన రోజుల గురించి చదివి వినిపిస్తే పిల్లలు ఆవులిస్తున్నారని, నాటకం వేయించింది. వీడియోలో ఒక పిల్లాడు టీచరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పద్మ అనే పిల్ల నెత్తి మీద చెప్పుల జత పెట్టుకుని వంగి నిలబడింది.

“నీ బాంచన్ దొరా, కాల్మొక్త!”

క్లాసంతా పగలబడి నవ్వింది. ఫోన్‌లోంచి ఆ నవ్వు ఇల్లంతా పరుచుకుంది. విజయశ్రీ తల తిప్పి చూస్తే పీట ఖాళీగా ఉంది. గడప మీద టీ గ్లాసు నిండుగా అలాగే ఉంది.

నెక్కొండలో రైలు దిగి, ఆటో పట్టుకుని బడికి చేరేసరికి హెడ్‌మాస్టర్ గది ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. పద్మ నాయనమ్మ కట్టమ్మ.

“సోషల్ టీచర్‌వు నువ్వేనా?”

“నేనే అవ్వా. పద్మ రాలేదా?”

“రాదు. ఇగ రాదు.” కట్టమ్మ గొంతు పెంచలేదు. అదే భయపెట్టింది. “ఒక్కటి చెప్పు. నా మనవరాలు నెత్తికెత్తుకున్న చెప్పులు ఎవలియి?”

విజయశ్రీకి గుర్తొచ్చింది. నిన్న నాటకానికి చెప్పులు కావాల్సి వస్తే, తలుపు దగ్గర విడిచినవి చేతికి అందాయి. అంతకు మించి ఆలోచించలేదు.

“నావే.”

కట్టమ్మ ఆమె కాళ్ల వైపు చూసింది. అవే చెప్పులు.

“‘బాంచన్’ అనే మాట నోట్లెకెళ్లి పోయెతందుకు మావోళ్లు ఎంత గోస పడ్డరో నీకెర్కనా? చదువుకొమ్మని పిల్లను నీ తాన్కి తోలితే, మల్ల గదే మాట దాని నోట్లె పెడ్తివి. పైంగ పాఠమంటివి!”

కట్టమ్మ వెళ్లిపోయింది. రమాకాంత్ తలుపు దగ్గరగా వేశాడు.

“సారీ చెప్పేయండి మేడమ్. వచ్చే యేడు నుంచి ఆ పాఠం ఇంట్ల చదువుకోండని దాటెయ్యండి. మనకెందుకు లొల్లి?”

ఆ రోజు తొమ్మిదో తరగతిలో మూడో బెంచీ చివర చోటు ఖాళీగా ఉంది. పిల్లలెవరూ అందులోకి జరగలేదు. సాయంత్రం రైల్లో విజయశ్రీ కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో అమ్మ నంబరు తీసింది. నొక్కలేదు. ఎత్తరని తెలుసు. చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. ‘ఇట్లయింది’ అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే హరికృష్ణ ఎదురొచ్చాడు.

“షెడ్ల చూపిచ్చిండ్రు. ఒకడు మల్ల మల్ల పెట్టుకుని నవ్వుతాండు. నేను చెప్పులు చూసి గుర్తుపట్టిన. బతుకమ్మకు నేను కొనిచ్చినయే గదా?”

“హరీ, పిల్లలకు బాగా అర్థం కావాలనే…”

“ఏం అర్థమైంది? కుర్చీల కూసున్నోనికి దొరతనం మజా అర్థమైంది. మోసిన పిల్లకు సిగ్గు అర్థమైంది. గంతేనా?”

పొద్దుటి నుంచి బిగబట్టుకున్నది ఒక్కసారిగా తెగింది.

“నాదే తప్పు, తిట్టు! కానీ ఈ ఇంట్లో నన్నెవరు సొంత మనిషిగా చూసిండ్రు? అత్తమ్మ నా పక్కన కూర్చుని ఒక్క ముద్ద తిన్నదా? కోడలిగా నేను నచ్చలేదని నాకు తెల్వదా?”

హరికృష్ణ ఆమెను వింతగా చూశాడు. కోపం దిగిపోయి, గొంతు తగ్గింది.

“నచ్చకనా? నువ్వు బడికి పోయినంక అమ్మ ఆ కుర్చీలనే కూసుంటది విజయా. టీవీ చూస్తది, అన్నం తింటది. నువ్వు గేటు తీసిన సప్పుడైతే చాలు, దిగ్గున లేస్తది.”

“ఎందుకు?”

“బడిల అందరికి చరిత్ర చెప్తవు. ఇంట్ల ఒక్కనాడు ‘ఎందుకు’ అని అడగకపోతివి. నేను చెప్దామంటే అమ్మ ఒట్టు పెట్టె.”

“ఆమెననకురా.” గది గుమ్మంలో రాజవ్వ. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. “ఆమె ఏం చేసింది? నా మోకాళ్లే ఆగయి. దొరల బిడ్డ ముందట కూసోవాలంటే గజ్జున వణుకుతయి.”

రాజవ్వే చెప్పింది.

“ఆ చెప్పులు మోసిన పిల్లంత ఉన్న నేను అప్పుడు. దొరసాని బండి దిగి నడుస్తే ఆమె చెప్పులు పట్టుకుని ఎనుకెనుక పోవుడు నా పని. ఒకనాడు ఎవలు లేంది చూసి కాళ్లకేసుకున్న. ఎట్లుంటదో చూద్దామని. దొర చూసిండు. నన్ను గన్న మా అవ్వను పిలిచి, మా అవ్వతోనే కొట్టిచ్చిండు. కొట్టుకుంట నవ్వుమన్నడు. నవ్వింది. పొద్దుగాల మీ ఫోన్ల ఆ పిల్లలు నవ్వుతాంటే మా అవ్వ యాదికొచ్చింది.”

విజయశ్రీ అత్తగారి పాదాల దగ్గర నేల మీద కూలబడింది. “నన్ను క్షమించండి అత్తమ్మా. ఇక నేను కూడా కిందనే కూర్చుంట, మీతోటే.”

“లేవుండ్రి.” రాజవ్వ గొంతు మొదటిసారి గట్టిగా పలికింది. “మీరు కింద కూసుంటే నాకేమొస్తది? గది గూడ నాటకమే. ఇద్దరం మీద కూసునే రోజు రావాలె.”

“ఆ పాఠమే వదిలెయ్యమంటున్నరు మా సారు.”

“పాఠం ఇడ్శిపెట్టకుండ్రి. నాటకం ఇడ్శిపెట్టుండ్రి. రేపు నేనొస్త.”

మర్నాడు ఇద్దరూ నెక్కొండ రైలెక్కారు. బడికి కాకుండా ముందు కట్టమ్మ ఇంటికి వెళ్లారు. విజయశ్రీ వాకిట్లో నిలబడి పద్మతోనే చెప్పింది. “తప్పు నాది పద్మా. నీది కాదు.”

“నేను చెయ్యనంటే మీరు ఇనలే టీచర్,” అంది పద్మ తలెత్తకుండా.

“వినలేదు. ఇప్పుడు వింటున్న.”

అరుగు మీద రాజవ్వ, కట్టమ్మ ఏదో మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో తెలియదు గానీ, చివరికి కట్టమ్మ లోపలికి వెళ్లి మనవరాలి పుస్తకాల సంచి తెచ్చింది. “పో బిడ్డా. నేను గూడ వస్తాన పా.”

తొమ్మిదో తరగతిలో విజయశ్రీ తన కుర్చీ ముందుకు జరిపి, పక్కన స్టాఫ్‌రూమ్ నుంచి తెచ్చిన ఇంకో కుర్చీ వేసింది. రాజవ్వ కుర్చీ చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది. మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. విజయశ్రీ పక్క కుర్చీలో కూర్చుంది.

“నేను మీ అసొంటి పిల్లనే…” అని మొదలుపెట్టింది రాజవ్వ.

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. మొన్న కాలు మీద కాలేసుకున్న పిల్లాడు తల దించుకున్నాడు. తల్లి కొట్టిన దగ్గరికి వచ్చేసరికి రాజవ్వ దగ్గింది. చుట్టూ చూసి, పక్కకు తిరిగింది.

“విజయా, జర నీళ్లియ్యవే.”

విజయశ్రీ సంచిలోంచి సీసా తీసింది. మూత తిప్పబోయింది. ఎటు తిప్పాలో కనబడలేదు, కళ్ల నిండా నీళ్లు. మూడో బెంచీ నుంచి పద్మ లేచి వచ్చి సీసా అందుకుని, మూత తీసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది.

“మీరే ఇయ్యండి టీచర్. మిమ్మల్నే అడిగింది.”