ఎంగిలి తోడు

వినికిడి గొట్టం చివరి గిన్నెను ముసలి యోహాను ఎడమ డొక్క మీద ఆనించి వకుళ కళ్ళు మూసుకుంది. లోపల శబ్దం దూరపు ఉరుములా లేచి, మెల్లగా విరిగి, మళ్ళీ లేచింది.

"బాగానే తిరుగుతోంది. ఎండుగడ్డి కాస్త పెంచు, తాతా."

"ఎండుది నమిలేసరికి దవడలు పడిపోతన్నాయి తల్లీ. నిద్దట్లో కూడా నమలతానే ఉంటానంట. పక్కలో గేదెని ఏసుకున్నట్టుందని మా ఇంటిది నవ్వేది." చొక్కా దించుకుంటూ తనూ నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ఇంటిది ఇప్పుడు లేదు.

వకుళ తల ఎత్తలేదు. వెచ్చని కుండలోంచి ఈ ఏటి తోడు ఒక గరిటెడు తీసి అతని దోసిట్లో పోసింది. యోహాను తాగి, మూతి తుడుచుకుని, హాల్లోని బల్ల మీద కూర్చుని నెమరు మొదలుపెట్టాడు. అక్కడ వరుసలో ఉన్నవాళ్ళందరి దవడలూ కదులుతూనే ఉన్నాయి.

వరికి తెగులు తగిలి పొలాలు గడ్డిపాలయ్యాక సర్కారు తిండికి బదులు కడుపులు పంచింది. గడ్డిపేగు వాళ్ళకు నాలుగు గదుల పొట్ట. మొదటి గది పెద్ద తొట్టి. అందులో పులిసే సూక్ష్మజీవులే గడ్డిని విరిచి పెడతాయి, మనిషి వాటి మీద బతుకుతాడు. ఏటా కుండలోంచి పోసే తోడు ఆ జీవాలదే. వేటపేగు వాళ్ళకు పొట్టి పేగు, ఘాటైన ఆమ్లం. పొద్దున్నే ఎండుచేపలు మింగితే మర్నాటిదాకా చింత లేదు. అందుకే కాపలా ఉద్యోగాలన్నీ వాళ్ళవి. మిగిలిన కాసిని బియ్యం వకుళలాంటి నడిమిపేగు ఉద్యోగులకు. ఒక్క ఇంట్లోనే మూడు పొయ్యిలు. ఎదురెదురుగా కూర్చుని తినడం ఎప్పుడో పోయింది.

తోడు కేంద్రం గుమ్మం దగ్గర కాపలా దానయ్య అరిచాడు. "వరసలో రావాలమ్మా! అందరికీ ఉన్నయ్యి కడుపులు!"

పేరమ్మ వినలేదు. మూడేళ్ళ కూతురు గరికను ఎత్తుకుని పరుగున వచ్చి వకుళ ముందున్న పరీక్ష బల్ల మీద పడుకోబెట్టింది. వెనక ఆమె తల్లి అంకమ్మ రొప్పుతూ వచ్చింది.

వకుళ గొట్టం ఆనించింది. నిశ్శబ్దం. వేళ్ళతో తట్టింది. లోపల నీళ్ళు తొణికాయి. పిల్ల ఊపిరిలో పులిసిన గంజి వాసన.

"ఏం పెట్టారు?"

పేరమ్మ తల్లి వైపు చూసింది. అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడేళ్ళొచ్చినా పిల్ల నాలిక మీద మెతుకు పడలేదమ్మా. అన్నప్రాశన లేకుండా పెంచుతున్నామని నాకు ఒకటే బాధ. సీసాలో దాచుకున్న పాత బియ్యం... పిడికెడే. పరమాన్నం చేసి, దేవుడికి చూపించి పెట్టాను. ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అందమ్మా పిల్ల."

పేరమ్మ ఏడుస్తూ తల్లి భుజం మీద కొట్టింది. గడ్డి తొట్టిలో అన్నం పడితే ఉన్నపళంగా పులిసి ఆమ్లమవుతుంది. అరిగించే జీవాలన్నీ అందులో చస్తాయి.

వకుళ కుండ వైపు చెయ్యి చాచింది. మూత దానంతటదే బిగుసుకుంది. తోడు లెక్కలు చూసే యంత్రం, పంపిణీమతి, గోడలోంచి నింపాదిగా పలికింది.

"అన్నదోషం. తోడు నిలుపుదల. విచారణ తరువాత."

"విచారణ ఎన్నాళ్ళు?" అంది పేరమ్మ.

"పక్షం పడుతుంది."

"అందాకా పిల్ల?"

రేపటిదాకా కూడా ఉండదని వకుళకు తెలుసు. పోయిన వానాకాలం యోహాను భార్య ఎక్కడో గంజి తాగి ఇదే బల్ల మీద పడుకుంది. పంపిణీమతి ఇదే మాట అంది. వకుళ పంపిణీ కిటికీ మూసింది.

ఇప్పుడు యోహాను అక్కడే కూర్చుని నములుతున్నాడు. పేరమ్మ దవడ కూడా, ఏడుపులోనే, అలవాటుగా కదులుతోంది.

వకుళకు తండ్రి చెయ్యి గుర్తొచ్చింది. గేదె నెమరు మానేస్తే ఆయన పక్క గేదె నోట్లో చెయ్యి పెట్టి, నమిలే ముద్దను లాగి, జబ్బుదాని గొంతులోకి తోసేవాడు. ఛీ, ఎంగిలి అని ఆమె పారిపోయేది. ఈ కేంద్రంలో గడ్డిపేగు వాళ్ళకు మొదటి రోజే నేర్పేదీ అదే: పక్కవాడి నెమరు ఎంగిలి, ముట్టకూడదు. కుండకు తాళం ఉంది. నోళ్ళకు ఆ మాటే తాళం.

ఆమె పిల్ల గొంతులోకి సన్నని రబ్బరు గొట్టం దింపి, సోడా ఉప్పు నీళ్ళు పోసి పొట్టను కడిగింది. తరువాత ఖాళీ గిన్నె ఒకటి చాచింది.

"నెమరు తెచ్చుకో పేరమ్మా. మింగకు. ఇందులో ఉమ్మెయ్."

"ఎంగిలి గదమ్మా!"

"వేరుశెనక్కాయలు నమిలి నీ నోట్లో పెట్టిందెవరే?" అంకమ్మ విరుచుకుపడింది. "అప్పుడు లేని ఎంగిలి ఇప్పుడొచ్చిందా? ఉమ్ము!"

దానయ్య దగ్గరికొచ్చాడు. "మేడం, ఇది నేరం. నేను పైకి చెప్పాలి."

"చెప్పు. ముందు ఆ కాళ్ళు గట్టిగా పట్టుకో, తన్నుతోంది."

దానయ్య ఒక్క క్షణం నిలబడ్డాడు. తరువాత పట్టుకున్నాడు.

పేరమ్మ మళ్ళీ మళ్ళీ ఉమ్మింది. వకుళ ఆ పచ్చని రసాన్ని గొట్టంలోకి వంచింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి వినికిడి గొట్టం కింద చిన్న గుడగుడ వినిపించింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. గరిక కళ్ళు తెరిచి అమ్మమ్మ కోసం చూసింది.

"దోషి పొట్టలో తోడు కనిపిస్తోంది," అంది పంపిణీమతి. "మూలం తెలియదు. మూలం తెలియదు."

హాలంతా విన్నది. వరుసలో ఒకామె పక్కనున్న చెల్లెలి నములుతున్న నోటి వైపు చూసింది. ఇద్దరూ కిటికీకి వీపు తిప్పి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక ఇంకొకరు. కాసేపటికి వరుస లేదు.

యోహాను ఒక్కడే మిగిలాడు. అతని దవడ ఆగిపోయింది.

"మా ఇంటిదాని మంచం పక్కనే కూర్చున్నాను తల్లీ, పోయేదాకా," అన్నాడు. "నమలతానే ఉన్నాను."