చుక్కమ్మ ఈనిన రోజు

కాదని చెప్పడానికే లీల చికాగో నుంచి నెబ్రాస్కా దాకా డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. అది 1981 ఏప్రిల్. ఫోన్‌లో చెప్పేసినా సరిపోయేది. కానీ హరనాథ్ ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అలాంటి మనిషికి ఎదురుగా కూర్చునే చెప్పాలనిపించింది. సంబంధం తెచ్చిన జానకీదేవి ఆంటీతో ఆ మాటే చెప్పి బయల్దేరింది.

డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఈ మైదానాల్లో మచ్చల గుర్రాలు పెంచుకుంటున్న ఇంజనీరతను. పిల్లల డాక్టర్‌గా ట్రైనింగ్‌లో ఉన్న తను ఇక్కడికొచ్చి ఏం చేయాలి?

గేటు దగ్గర హరనాథ్ బురద బూట్లతో ఎదురొచ్చాడు.

"మీరు కాదని చెప్పడానికి వస్తున్నారని ఆంటీ ఫోన్ చేశారు," అన్నాడు నెమ్మదిగా. "చెబుదురుగాని. ముందు కాస్త హెల్ప్ చేస్తారా? కంచె విరిగి గుర్రం బయటికి పోయింది. నిండు చూలుతో ఉంది."

కోపం రావలసిన చోట లీలకు నవ్వొచ్చింది. వెళ్లి అతని ట్రక్కులో కూర్చుంది.

వాన మొదలైంది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి "చుక్కమ్మా" అని పిలుస్తూ పోతున్నాడు. దానికి తెలుగొచ్చా అని లీల అడిగింది. ఇంగ్లీషులో పిలిస్తే తలైనా తిప్పదన్నాడు. దారిలో మాటల మధ్య ఊరి సంగతులు చెప్పాడు. పసిపిల్లకి జ్వరమొస్తే డాక్టర్ కోసం గంటన్నర డ్రైవ్ చేయాలట. ఊళ్లో ఒక్క డాక్టరూ లేడా అని లీల రెండుసార్లు అడిగింది.

ఒక పల్లంలో చుక్కమ్మ పడుకుని ఈనుతోంది. తెల్లటి ఒంటి నిండా నల్లమచ్చలు, వానకి మెరుస్తున్నాయి. పిల్ల బయటపడింది గానీ ఊపిరి తీయలేదు. లీల బురదలో మోకాళ్లూని, స్కార్ఫ్‌తో దాని ముక్కు తుడిచి, పక్కటెముకల మీద గట్టిగా రుద్దింది. హరనాథ్ పిల్ల తల ఎత్తి పట్టుకున్నాడు. ఎంతకీ కదల్లేదు. ఇక లాభం లేదనుకుంటుండగా అది తుమ్మింది.

లీలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత చూస్తే పిల్ల ఒట్టి గోధుమరంగు. ఒక్క మచ్చా లేదు.

"మీకు నష్టమేనా?" అంది.

"డెట్రాయిట్‌లో పెయింట్ మీద మచ్చ కనబడితే కారు పక్కన పెట్టేసేవాళ్లం. ఇక్కడ మచ్చ లేకపోతే గుర్రాన్ని కొనరు. ఆ గొడవలు నాకెందుకండీ? ఇది బతికింది, చాలు."

లీల అతన్ని అప్పుడు తేరిపార చూసింది. జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, తన కోటు తీసి పిల్లకి కప్పుతున్నాడు.

"ఇక చెప్పండి," అన్నాడు తలెత్తకుండా. "వింటాను."

"నా ట్రైనింగ్ ఇంకో ఏడాది ఉంది. ఆ తర్వాత ఈ ఊళ్లో క్లినిక్ పెడతాను. అందాకా వెయిట్ చేస్తారా?"

అతని చేతులు ఆగిపోయాయి. తలెత్తి ఆమెకేసి చూశాడు. "గుర్రం పదకొండు నెలలు మోస్తుందండీ. వెయిట్ చేయడం నాకు అలవాటే."

అతని ఇంటికి చేరగానే లీలే జానకీదేవి ఆంటీకి ఫోన్ చేసింది. కాదని చెప్పేశావా అని ఆంటీ దిగులుగా అడిగింది.

"వీలు పడలేదాంటీ," అంది లీల.